బుడగ ఉన్న సీసా

ఉదయం 9:20కి రిపోర్ట్ వచ్చింది. నదిలో విషం లేదు.

హాల్లో చప్పట్లు మోగాయి. 9:45కి పోలీస్ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి ల్యాబ్ గుమ్మం దగ్గర ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నీళ్లు బాగున్నాయంటే ఏడ్చే మనిషిని ఆయన తన సర్వీసులో చూడలేదు.

ఆమెను అందరూ పడవక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి నెలా ఒకటో తారీఖున నది మధ్యకు వెళ్లి రెండు సీసాల్లో నీళ్లు పట్టి తెస్తుంది. ఒకటి ఇక్కడ పరీక్షకు. రెండోది సీలు వేసి, సాక్ష్యంగా ఫ్రిజ్‌లోకి.

ఈ నెల మొదటి సీసాలో విషం తేలింది. ఈ ఉదయం నదికి అవతలి దేశం కెమిస్ట్ స్వయంగా సీలు విప్పి రెండో సీసా పరీక్షించింది. అందులో ఏమీ లేదు. ఒకే చోట, ఒకే నిమిషంలో పట్టిన నీళ్లు!

ఇంకేముంది, తోళ్ల ఫ్యాక్టరీ యజమాని ఫిర్యాదు రాసిచ్చాడు. మొదటి సీసాలో పడవక్కే విషం కలిపిందట. పదకొండింటికి రెండు దేశాలూ నదిని కాపాడే ముప్పై ఏళ్ల ఒప్పందం మీద సంతకాలు పెట్టాలి. ఆ లోపు ఆమెను తీసుకుపొమ్మని పైనుంచి మూడు ఫోన్లు.

"మీ ఆయన్ని ఆ ఫ్యాక్టరీలోంచి తీసేశారట?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"తీసేశారు. అయితే? నీళ్లలో విషం పోస్తానా? మా పిల్లలు తాగేవి ఆ నీళ్లే సార్!"

"ఫ్రిజ్ తాళాలెన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర. ఒకటి ల్యాబ్ డైరెక్టర్ గారి దగ్గర."

"సీలు కాగితాలు?"

"ఆయన దగ్గరే."

ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వుకున్నాడు. "సీసా ఎలా నింపుతావో చూపించమ్మా."

పడవక్క కళ్లు తుడుచుకుంది. బకెట్లో సీసా ముంచి, నీళ్లలోనే మూత బిగించి, తీసి పడుకోబెట్టింది. లోపల గింజంత గాలి కూడా లేదు.

"గాలుంటే నీళ్ల గుణం మారిపోద్ది సార్. మొదటి రోజే నేర్పేది ఇదే."

10:10. ఆయన హాల్లో ఫొటోలు తీస్తున్న ఫొటోగ్రాఫర్ కెమెరా అడిగి తీసుకున్నాడు. 8:50కి తీసిన ఫొటో. పెద్దలంతా పళ్లికిలించి నిలబడ్డారు. వాళ్ల ముందు ట్రేలో సీలు విప్పని సీసా పడుకుని ఉంది. పొద్దున్నుంచి అందరూ ఆ ఫొటోలో తమ మొహాలే చూసుకున్నారు. ఆయన సీసాను జూమ్ చేశాడు.

10:35. డైరెక్టర్ గదిలో నలుగురు. డైరెక్టర్, పడవక్క, అవతలి దేశం కెమిస్ట్, ఫ్యాక్టరీ యజమాని.

"ఇది చూడండి," కెమెరా బల్ల మీద పెట్టాడు ఇన్‌స్పెక్టర్. "బొటనవేలంత బుడగ. ఇది పడవక్క నింపిన సీసా కాదు. కుళాయి కింద ఎవరో హడావిడిగా నింపారు. డైరెక్టర్ గారూ, మీరెప్పుడైనా పడవెక్కారా?"

"లేదు."

"డైరెక్టరైన ఈ పదకొండేళ్లలో ఒక్కసారీ?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటి దొంగను చిన్న గాలిబుడగ పట్టించింది.

"అసలు నీళ్లేం చేశారు? సింకులో పోశారా?"

"సింకులోనా!" డైరెక్టర్ ఉలిక్కిపడ్డాడు. "ఆ సింకు నీళ్లు నదిలోకే పోతాయి. ఎలా పోస్తాను?"

ఆ మాటతో ఆయనే దొరికిపోయాడు. కింది సొరుగు లాగాడు. అసలు సీసా అక్కడే ఉంది, అంచుదాకా నిండుగా.

"సంతకానికి ముందు ఫ్యాక్టరీ మురుగు ఆపిస్తామని అవతలి దేశానికి మాటిచ్చాం," అన్నాడు తలవంచుకుని. "ఆపలేకపోయాం. మాట తప్పామని తెలిస్తే వీళ్లు లేచి వెళ్లిపోతారు. ఒక్క సీసా అబద్ధమాడితే ముప్పై ఏళ్లు నది బాగుపడుతుందనుకున్నా."

"నేను జైలుకెళ్తే?" అంది పడవక్క.

ఇన్‌స్పెక్టర్‌కు డైరెక్టర్‌ను చూస్తే ఒళ్లు మండింది, జాలీ వేసింది. ఫ్యాక్టరీ యజమాని తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగాడు.

కెమిస్ట్ సీసా తీసుకెళ్లి, 10:58కి తిరిగొచ్చింది. "విషముంది," అంది. పడవక్క చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది.

పదకొండింటికి అవతలి దేశం వాళ్లు ఫైళ్లు మూసి కార్లెక్కారు. బల్ల మీద పెన్నులు మూతలు తీసినవి తీసినట్టే ఉన్నాయి. డైరెక్టర్‌ను జీపెక్కించారు. పడవక్క మీద కేసు కొట్టేసినట్టు ఇన్‌స్పెక్టర్ అక్కడే రాసిచ్చాడు.

ఆమె ఆ కాగితం మడిచి రవికలో దోపుకుంది. ఒకటో తారీఖు కోసం సీసాలు కడగడం మొదలుపెట్టింది. ఒకటి కడిగింది. రెండోది అందుకుంది.

"రెండోది ఎందుకమ్మా? ఇక తెరిచి చూసేదెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వాళ్లు రాకపోతే మా పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారా సార్?" అంటూ రెండో సీసా బోర్లించింది పడవక్క.

బయట కాలువలోంచి ఫ్యాక్టరీ మురుగు నదిలోకి పోతూనే ఉంది.