వట్టి పొలం

“ఈ ఇంటి నీళ్లు తాగరాదు!” అని ఆరోగ్యశాఖవారు వెండెల్ తలుపుకు కాగితం అంటించి వెళ్లిన నాలుగోనాడు, అతని తల్లి ఆడిలైన్ పదకొండేళ్ల తరువాత కూతురు కొరిన్‌కు ఫోన్ చేసింది. క్షమించమని కాదు... సంతకం కోసం!

మురుగుకాలువలు చేరని ఆ వెర్మాంట్ కొండల్లో ఎవరింటి మురుగును వారి నేలే తాగాలి. నేల తాగగలదో లేదో గొయ్యి తవ్వి తేల్చడం కొరిన్ వృత్తి. పదకొండేళ్ల క్రితం, తండ్రి పోయాక, తల్లి గుట్టమీది తమ ఇంటికి దిగువనున్న ‘వట్టి పొలం’ మూడు ఇళ్ల స్థలాలుగా విడదీయాలనుకున్నప్పుడు మొదటి గొయ్యి ఆమే తవ్వింది. అడుగున్నర లోతులోనే బూడిదరంగు మన్ను, దానిమీద తుప్పు మచ్చలు కనిపించాయి. ఏటా మంచు కరిగినప్పుడు నీరు అంతవరకు లేచి నిలుస్తుందని ఆ మచ్చలకు అర్థం. నేల బాగుందని సంతకం పెట్టనంది కొరిన్. “తమ్ముడు ఇల్లు కట్టుకుంటే ఓర్వలేవు! పొలం పేరే వట్టి పొలం; నీకెక్కడ కనిపించిందే చెమ్మ?” అని తల్లి అన్నంబల్ల ముందే ఛీకొట్టింది. కొరిన్ కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది. ఆగస్టులో నేల బీటలు వారాక అదే పనిచేసే మరొకతను వచ్చి, గుంటలో నీళ్లుపోసి, అరగంటలో ఇంకిపోయాయని మెచ్చుకుని సంతకం పెట్టాడు. మొదటి స్థలంలో వెండెల్ ఇల్లు లేచింది.

ఇప్పుడు ఆ ఇంటి మురుగు బావిలోకి చేరింది. వెండెల్ కూతురు, ఆరేళ్ల ఎల్సీ, వారంరోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది.

ఏప్రిల్ బురదలో కొరిన్ రెండో స్థలంలో గొయ్యి తవ్వించి అందులోకి దిగింది. ఒడ్డున తల్లి, తమ్ముడు నిలబడ్డారు. తొంభైయేళ్ల మేనత్త బెర్తా ట్రక్కులో కూర్చుని, కిటికీ దించుకుని, డోనట్ తింటూ వింటోంది.

“ఒక్క సంతకం, అక్కా!” అన్నాడు వెండెల్. “ఈ ముక్క అమ్ముడైతేనే మేం ఇంకో గూడు చూసుకోగలం. నువ్వు పెడితే ఇంకెవరూ నోరెత్తరు.”

“కొనేవాళ్లకి పిల్లలున్నారా?”

వెండెల్ నేలచూపులు చూశాడు. “ఆవిడ... నెలలు నిండి ఉంది.”

కొరిన్ గొయ్యి గోడవైపు తిరిగి మన్ను గీకసాగింది. ఆడిలైన్‌కు ఆ గీకుడే తిట్టులా తగిలింది. “మీ నాన్న ముత్తాతలు వెర్రివాళ్లా? చెమ్మ ఉంటే వట్టి పొలమని పేరెందుకు పెడతారు?” అంది, పాత మాటనే ఊతకర్రలా పట్టుకుని.

ట్రక్కులోంచి బెర్తా పకపక నవ్వింది. “ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వట్టిది నేల కాదే, ఆవులు! వట్టిపోవలసిన ఆవులు! ఈనబోయేముందు పాలు ఆపడానికి ఇక్కడికి తోలేవాళ్లం. ఈ బురదలో మొలిచే బరక గడ్డి మేస్తే ఎంత పాడి ఆవైనా నాలుగురోజుల్లో పాలు ఎగ్గొట్టేది. నా బూట్లు ఎన్ని మింగిందో ఈ పొలం!”

ఆడిలైన్ ట్రక్కు వైపు తిరిగింది. ఆమె రాళ్లు చెక్కే పట్నంలో పుట్టిన పిల్ల. కోడలిగా వచ్చేనాటికి మామగారు ఆవుల మందను అమ్మేశారు.

“వదినా... ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“నన్నెవరడిగారమ్మా? నీకన్నీ తెలుసుగా!”

ఒక్క ప్రశ్న! ముసలామెను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎల్సీ చేతికి సూదులు గుచ్చవలసిన పని ఉండేది కాదు! కాని వదినను అడగకపోవడం చిన్న తప్పు. కన్నకూతురు మట్టిని చదివి చెప్పిన మాటను అసూయ అనడం తప్పు కాదు, నేరం. నలుగురి ముందు కూతురిని అవమానించి, దానికి పెద్దరికమని పేరు పెట్టుకునే తల్లులకు నేల ఎప్పుడో ఒకనాడు తీర్పు చెబుతుంది... కాకపోతే ఆ శిక్షను పసివాళ్లు అనుభవిస్తారు.

“ఆ దరఖాస్తు కాగితం ఇటివ్వు,” అంది ఆడిలైన్ వెండెల్‌తో. ట్రక్కు ఇంజను మూతమీద కాగితం పెట్టి, స్థలం యజమానిగా తన పేరున్నచోట, ‘ఇళ్లకు పనికిరాదు, దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నాను’ అని రాసింది.

“అమ్మా! మరి మేమెక్కడికి పోవాలి?” అన్నాడు వెండెల్.

“గుట్టమీద నా ఇంటికి. పిల్లలతో మీరు మేడమీద ఉండండి. నాకు కుట్టుమిషను గది చాలు.” తరువాత గొయ్యి అంచుకు వచ్చి, మోకాళ్లమీద కూలబడింది. “కొరిన్... ఆ రోజు నేనన్న మాట...”

“ఆ మాట ఎప్పుడో మరిచానమ్మా,” కొరిన్ పైకి చూడకుండానే అంది. “నేను చెప్పింది నిజమో కాదో నువ్వు ఒక్కసారైనా గొయ్యి దగ్గరికి వచ్చి చూడలేదే, అదే మరవలేకపోతున్నాను.”

కొరిన్ గొయ్యిలోంచి ఎక్కి వచ్చి, చేతులు దులుపుకుంది.

“గుట్టమీది నేల మంచిదని నీకెవరు చెప్పారు? ఇంకో నలుగురి మురుగు దానిమీద పడబోతోంది. రేపు అక్కడ తవ్వాలి.”

“రేపు... వస్తావా, తల్లీ?”

“గొయ్యి కోసం వస్తాను.”

అంతే అంది. అంతకంటే అడిగే హక్కు తనకు లేదని ఎరిగిన ఆడిలైన్, తెల్లవారగానే, ఎవరూ చెప్పకుండానే పార తీసుకుని గుట్టమీద నిలబడి ఉంది.