బకెట్టు, రెండు వలయాలు

డ్రాఫ్ట్స్‌మన్ ఓబిలేష్ శవం దొరికినప్పుడు అతని అరచేతిలో పెన్సిల్‌తో గీసిన బొమ్మ ఉంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు వలయాలు. వాటికి కుడివైపున, అడ్డంగా పడుకోబెట్టిన బకెట్టు లాంటిది.

"దీని అర్థం మా డిపార్ట్‌మెంట్‌లో ఒక్కరికీ తెలీదు," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ విజయభాస్కర్. ఆ రోజు ఆయనది బొరుగులమ్మేవాడి వేషం. అనంతపురం బస్టాండులో ఎండ చురచురలాడుతోంది.

పుష్పావతి బొరుగుల పొట్లానికి చేయి చాపింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. నలుగురిలో నోరు విప్పదు. ఆ గుణం చూసే డిపార్ట్‌మెంట్ ఆమెను ఎంచుకుంది.

"కారం ఎక్కువేయాల్నా?" అన్నాడాయన గట్టిగా. పక్కన ఎవరో వచ్చారని దానర్థం.

"ఉప్పు తక్కువేయన్నా," అంది. క్షేమంగా ఉన్నానని దానర్థం.

ఆ మనిషి వెళ్ళిపోయాక చీఫ్ గొంతు తగ్గించాడు. "గార్లదిన్నె రోడ్డులో కొత్త పంప్‌హౌస్‌కు సేఫ్టీ వాల్వ్ డ్రాయింగ్ గీసింది ఓబిలేషే. 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా ఆ పంప్‌హౌస్‌ను పేల్చాలని చూస్తాంది. అది పోతే వంద ఊర్లకు నీళ్ళుండవు. తర్వాత కాంట్రాక్టు వాళ్ళ కంపెనీకే. ఓబిలేష్ డ్రాఫ్టింగ్ పాఠాలు చెప్పిన ట్రైనింగ్ సెంటర్‌లో నువ్వు చేరాల."

"నాకు భయం సార్."

"నాకూ భయమేనమ్మా. లేకుంటే బొరుగులెందుకమ్ముతా?" ఆయన బొరుగులు కలిపాడు. "ట్రయల్ రన్ రోజు స్విచ్ వేసేది మీ నాయన."

"ఎప్పుడు చేరాల సార్?" అంది. నాయన కుళ్లాయప్ప ఆ పంప్‌హౌస్ ఆపరేటర్.

చీఫ్ పొట్లంలో ఒక పెన్సిల్ పెట్టాడు. "వెనక నొక్కితే నాకు సిగ్నల్ వస్తాది. ఆడ మన మనిషి ఒకామె ఉండాది, రేఖ. ఏం దొరికినా ఆమెకే చెప్పు."

రేఖ కంప్యూటర్ డ్రాఫ్టింగ్ టీచర్. ఎర్ర కారు, నల్ల కళ్ళద్దాలు, వరండా అంతా పరుచుకునే సెంటు. "నేనూ ఈ బల్లల మీదే నేర్చుకున్నాను, తెలుసా?" అని మొదటి రోజే పుష్పావతి భుజం తట్టింది.

మూడు వారాలు గడిచాయి. పుష్పావతి గీతలు గీసింది, అక్షరాలు దిద్దింది, టీ స్క్వేర్ అనే పొడుగాటి కొయ్య స్కేలు చంకలో పెట్టుకుని తిరిగింది. వెనక చెప్పుల చప్పుడైతే చాలు, పెన్సిల్ మొన విరిగేది. నాయనకు కూడా నిజం చెప్పలేదు. ట్రయల్ రన్ రోజు పొద్దున ఆయన కొత్త చొక్కా వేసుకుని, "పదకొండుకు స్విచ్ నేనే వేస్తాండా పాపా," అని మురిసిపోతుంటే ఆమెకు అన్నం దిగలేదు.

ఆ పొద్దునే క్లాసులో దివాకర్ సారు బోర్డు మీద ఒక బొమ్మ గీశారు. బకెట్టు, రెండు వలయాలు.

ఓబిలేష్ అరచేతిలో ఉన్నవే!

"ఒక వస్తువును ముందునుంచి చూసి ఒక బొమ్మ, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి గీస్తాం. ఏది యాడ పెట్టాలనేదానికి రెండు పద్ధతులుండాయి. మనది ఫస్ట్ యాంగిల్. పైనుంచి చూసిన టాప్ వ్యూ కిందికి పోతాది, ఎడమ పక్క బొమ్మ కుడికి పోతాది. బయటి దేశాల్లో కొందరిది థర్డ్ యాంగిల్, అంతా తారుమారు. షీట్ మూలన ఈ గుర్తు చూసి ఏ పద్ధతో తెలుసుకుంటారు. ముందు బకెట్టుంటే మనది, ముందు వలయాలుంటే వాళ్ళది. గుర్తొక్కటి తప్పితే వర్క్‌షాపోడు కుడిది ఎడమకు చేస్తాడు." సారు సుద్దముక్క ఊపారు. "టాప్ వ్యూ పైన గీసినారంటే, వాళ్ళు నా క్లాసులో ఒక్కరోజూ కూర్చోలేదని అర్థం!"

అందరూ నవ్వారు. ఓబిలేష్ చేతిలో ముందు ఉన్నవి వలయాలు.

క్లాసు అయిందో లేదో ఆమె ల్యాబ్ బీరువా తెరిచింది. ఓబిలేష్ గీసిన వాల్వ్ షీట్‌లో టాప్ వ్యూ కిందే ఉంది, అంటే మన పద్ధతే. మూలన గుర్తులో మాత్రం వలయాలు ముందున్నాయి. ఎవరో ఆ ఒక్క గుర్తే మార్చారు. వాల్వ్ మీట ఎదురువైపు తయారై ఉంటుంది. ఒత్తిడి పెరిగితే తెరుచుకోవలసిన వాల్వ్ ఇంకా బిగుసుకుంటుంది, పంప్‌హౌస్ పేలిపోతుంది.

గడియారంలో పది దాటింది.

రేఖ గదిలోకి పరుగెత్తింది. "అక్కా, వాల్వ్ మీట తప్పుగా చేసినారు!"

"మెల్లగా. ఎక్కడ, చూపించు." రేఖ రఫ్ కాగితం లాక్కుని చకచకా వాల్వ్ గీసింది. ముందునుంచి ఒక బొమ్మ. దానికి పైన టాప్ వ్యూ.

పైన.

ఈ బల్లల మీదే నేర్చుకున్నానన్న మనిషి!

"చెమటలు పడుతున్నాయేం?"

"కరెంటు లేదు కదక్కా."

రేఖ తలెత్తింది. నెత్తి మీద ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది. ఆమె పెదవులు మాత్రమే నవ్వాయి. "ఫోన్ ఇటివ్వు. రిపోర్ట్ నేను పంపుతాను. నువ్వు ఇక్కడే ఉండు."

రేఖ ఫోన్ తీసుకుని వెళ్ళింది, బయట గడియ పడింది. ఎర్ర కారు వెళ్ళిన చప్పుడు.

పుష్పావతి పెన్సిల్ నొక్కింది. లైటు వెలగలేదు, శబ్దం రాలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రఫ్ కాగితం జాకెట్‌లో దోపుకుని, టీ స్క్వేర్ బయటికి విసిరి, కిటికీలోంచి దూకింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. టీ స్క్వేర్ ఎత్తుకుని పరుగెత్తి, గార్లదిన్నె బస్సు కదులుతుంటే ఎక్కింది.

"ఏం పాపా, కొయ్య పట్టుకుని యాడికి కొట్లాటకు?" అన్నాడు కండక్టర్.

పంప్‌హౌస్ దగ్గర మైకు హోరెత్తుతోంది. దూరంగా, పేలుడు అందనంత దూరంలో, ఎర్ర కారు. రేఖ చేతి సంచిలోంచి చిన్న పిస్తోలు తీసింది.

"ఆగు పుష్పా!"

ఆగాలనే అనిపించింది. కాళ్ళు వినలేదు. చెవి పక్కన ఏదో రివ్వుమంది. తలుపు దాటింది. లోపల కుళ్లాయప్ప స్విచ్ పిడి పట్టుకుని గడియారం వైపు చూస్తున్నాడు.

"నాయనా! వద్దు!"

మైకు హోరులో ఆ కేక మునిగిపోయింది. పిడి కిందికి దిగుతోంది. ఆమె టీ స్క్వేర్‌ను దాని కిందికి దూర్చింది. కొయ్య ఫెళ్ళుమంది. పిడి జానెడు పైనే ఆగిపోయింది.

"ఏమప్పా ఇది! నువ్వా పాపా?" అన్నాడు నాయన.

ఆమె ఆయన కొత్త చొక్కా గట్టిగా పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.

బయట మూడు వందల గొర్రెలు ఎర్ర కారును చుట్టుముట్టి ఉన్నాయి. కంబళి కప్పుకున్న కాపరి రేఖ చేతులకు బేడీలు వేస్తున్నాడు.

"పెన్సిల్ పని చేయలేదు సార్," అంది పుష్పావతి వెక్కుతూ.

"చేసిందమ్మా. లైటు పెట్టలేదు, అంతే. ఈ గొర్రెల్ని తోలుకొచ్చేసరికే ఆలస్యమైంది," అన్నాడు విజయభాస్కర్.

రేఖ గీసిన కాగితం ముఖ్యసాక్ష్యంగా కోర్టుకు వెళ్ళింది. పరిశీలనకని మధ్యలో ఒకసారి దివాకర్ సారుకు పంపితే, ఆయన అలవాటు చొప్పున ఎర్ర పెన్నుతో రాసి తిరిగిచ్చారు: "టాప్ వ్యూ కింద. మళ్ళీ గీసి చూపించు."