ఎనిమిదో పాటలో చప్పుడు

ఆ అమ్మాయి స్టూడియోలోకి రావడం రావడమే గొడవతో వచ్చింది.

"ఈ ఆల్బం మీదేనా?"

"నాదే" అన్నాడు మనవాడు, ఆటోగ్రాఫు కోసం వచ్చిందేమోనని జేబులో పెన్ను తడుముకుంటూ.

"ఇందులో మా నాన్న ఏడి?"

మనవాడంటే కీబోర్డు వాయించే మనిషి. బ్యాండులో వాళ్ళు ముద్దుగానో కసిగానో 'చాదస్తం' అని పిలిచేవాళ్ళు. స్మూత్ జాజ్ అంటే నున్నగా ఉండాలి, ఎక్కడా గరుకు తగలకూడదని అతని పట్టుదల. కుర్చీ కిర్రుమంటే చాలు, పాట మళ్ళీ మొదటినుంచీ వాయించాల్సిందే. తొమ్మిది పాటలూ పూర్తయ్యేసరికి డ్రమ్మరు అతనితో మాట్లాడ్డం మానేశాడు.

ఆమె నాన్న ఆ ఆల్బంలో డబుల్ బేస్ వాయించిన పెద్దాయన. మనిషికంటే ఎత్తుండే ఆ తీగల వాద్యాన్ని భుజానికి ఆనించుకుని వాయిస్తూ, తనకు తెలియకుండానే కూనిరాగం తీసేవారు. రికార్డింగ్ అయిన మూడు వారాలకు గుండెపోటుతో పోయారు.

"ఆయన వాయించింది అంతా ఉంది కదండీ. కవరు మీద పేరు కూడా వేశాం."

"వాయించింది కాదు, పాడింది ఏది? వాయిస్తూ పాడకుండా ఉండలేడు నాన్న. ఇంట్లో రోజూ వినేదే కదా అని మేమెప్పుడూ రికార్డు చేసుకోలేదు. ఆల్బంలో ఉంటుందిలే అనుకున్నాను."

మనవాడు పెన్ను మీంచి చెయ్యి తీసేశాడు. మొదటి ఏడు పాటల్లోని ఆ కూనిరాగాన్ని రెండు వారాలు కంప్యూటరు ముందు కూర్చుని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరిపారేసింది అతనే. పైగా డిస్కులో చోటు చాలడం లేదని అసలు రికార్డింగులు కూడా చెరిపేశాడు. అప్పటికి పెద్దాయన నిక్షేపంలా ఉన్నారు.

"తీసేశాను" అన్నాడు. "ఒరిజినల్ ఫైళ్ళు కూడా లేవు."

ఆమె అరవలేదు. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం ఆమెది, ఎదుటి మనిషి ముఖాన్ని నిదానంగా చూడ్డం అలవాటు. అలాగే కాసేపు చూసి, "ఎక్కడో ఒక ముక్క మిగిలే ఉంటుంది. వెతుకుదాం, కూర్చోండి" అంది.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ఆమెకు సెలవు ఆ రోజే. జాగ్రత్తగా వినాలి కాబట్టి ఆదివారానికి ఒక్క పాటే అని రూలు పెట్టింది మాత్రం మనవాడు. ఎందుకో మీకు విడమరిచి చెప్పాలా?

ఇద్దరూ చెరో హెడ్‌ఫోను పెట్టుకుని వినేవాళ్ళు. మధ్యలో టీ తాగుతూ, కిటికీ బయట వాన చూస్తూ, ఆన్‌లైన్లో ఆల్బం కింద శ్రోతలు రాసిన కామెంట్లు చదువుకునేవాళ్ళు.

"'మా పాప మీ పాటలకే నిద్రపోతోంది' అట" అని ఆమె చదివేది. "ఇదిగో ఇంకొకటి. 'మా డెంటిస్టు ఇదే ఆల్బం పెడతాడు. పన్ను పీకినా తెలియలేదు.'"

"పొగిడినట్టా, తిట్టినట్టా?"

"మత్తుమందుకి పోటీ వచ్చారు, ఇంకేం కావాలి?"

"ఎవరూ వినడం లేదండీ" అన్నాడు దిగులుగా. "పెట్టుకుని వేరే పని చూసుకుంటున్నారు."

"ఇంత నున్నగా చేస్తే పట్టుకోడానికి ఏముంటుంది? జారిపోతారు" అంది.

శ్రోతలు పట్టుకున్నది ఒక్కటే. ఎనిమిదో పాటలో మూడు చోట్ల టిక్కుమంటోంది, ఏమిటది, రికార్డింగు పాడైందా అని ముప్ఫై మంది దాకా అడిగారు. "చెక్క చప్పుడేమో. తియ్యబోతే బేస్ దెబ్బతింటోంది. అదొక్కటే నా వల్ల కాలేదు" అని మనవాడు తల పట్టుకునేవాడు.

అతను స్క్రీనుకి ముక్కు ఆనించి చూడ్డం గమనించి, ఐదో ఆదివారం ఆమే అతని కళ్ళు పరీక్ష చేసింది. ఏడో ఆదివారం కళ్ళజోడు తెచ్చి చెవుల వెనక సరిచేసింది.

"ఇప్పుడు కనిపిస్తున్నానా?"

"ముందునుంచీ మీరొక్కరే కనిపిస్తున్నారు" అన్నాడు.

ఆమె నవ్వు దాచుకుంటూ గుడ్డతో ఖాళీ కళ్ళజోడు పెట్టె తుడిచింది. మనవాడు పీకల్లోతు ప్రేమలో పడ్డాడు, అందులో అనుమానమేం లేదు. ఏడు పాటల్లోనూ పెద్దాయన గొంతు మాత్రం ఒక్క ముక్క కూడా దొరకలేదు.

ఎనిమిదో ఆదివారం ఎనిమిదో పాట పెట్టాడు. టిక్కుమన్న చోట ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ వెయ్యండి."

మూడుసార్లు వేశాడు.

"పిప్పరమెంటు" అంది ఆమె. "నాన్న నోట్లో పిప్పరమెంటు పంటికి తగిలిన చప్పుడు. నేనే కొనిచ్చాను. 'స్టూడియోలో నోరు ఊరుకోవడం లేదమ్మా, దానికేదో పని చెప్పాలి' అన్నాడు. చిన్నపిల్లాడివా అని నవ్వాను." ఏడుస్తూనే నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఊరుకోకపోతే ఏం? ఎందుకు ఊరుకోవాలి?"

ఆమె అతన్ని అడగలేదు, తనలో తను అనుకుంది. తెలియదన్నట్టు తలూపితే సరిపోయేది. చెబితే ఈ అమ్మాయి మళ్ళీ ఈ గుమ్మం తొక్కదని మనవాడికి తెలుసు. అయినా ఆమె ముఖం చూస్తూ దాచిపెట్టడం అతని చేత కాలేదు.

"నావల్లే" అన్నాడు. "ఏడు పాటలయ్యాక అందరి ముందూ అన్నాను. 'పెద్దాయనా, మీ పాట ఎవరడిగారు, నోరు మూసుకుని వాయించండి' అని. సారీ బాబూ అన్నారు. తర్వాత క్షమాపణ చెబుదామనుకున్నాను. మూడు వారాలూ అనుకుంటూనే ఉన్నాను."

ఆమె హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ మూడు వారాలూ నాన్న ఇంట్లో కూడా పాడలేదు. ఒంట్లో నలతగా ఉందేమో అనుకున్నాను" అని, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదో ఆదివారం ఆమె రాలేదు. పదో ఆదివారమూ రాలేదు. మనవాడు కీబోర్డు మీద కప్పిన గుడ్డ తియ్యనే లేదు.

ఆ వారంలోనే ఎనిమిదో పాట కింద కొత్త కామెంటు కనిపించింది. "ఆ చప్పుడు మా నాన్న పిప్పరమెంటుది. ఆయన లేరు. దయచేసి దాన్ని తీసెయ్యకండి."

దాని కింద శ్రోతలు రాస్తూనే ఉన్నారు. రికార్డింగు పాడైందన్నాయన క్షమాపణ అడిగాడు. పన్ను పీకించుకున్నాయన, ఇవాళ పని ఆపి కూర్చుని విన్నానన్నాడు. ఎవరో ఒకావిడ, "మా ఆయన టీ కప్పులో చెంచా తిప్పే చప్పుడు ఇలాగే ఉండేది" అని రాసింది. మనవాడు కొత్త కళ్ళజోడు తీసి పక్కన పెట్టి ఏడ్చాడు.

పదకొండో ఆదివారం ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"కోపం పోలేదు" అంది ముందే. "అమ్మ పంపితే వచ్చాను. పిప్పరమెంటుతో వాయించిన రోజు నాన్న ఇంటికొచ్చి, 'ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నా వాయిద్యం నాకు వినపడింది' అని మురిసిపోయాడట. ఆ అబ్బాయిని ఏమీ అనకు అంది అమ్మ. కానీ నాకవేవీ అక్కర్లేదు. నాకు నాన్న పాటే కావాలి."

"నాకొచ్చు" అన్నాడు.

"ఏమొచ్చు?"

"ఆ పాట. రెండు వారాలు ఒక్కో ముక్కా వందసార్లు విని తీశాను. ఎక్కడ ఎత్తుకునేవారో, ఎక్కడ శ్రుతి తప్పేవారో, ఎక్కడ ఊపిరి పీల్చేవారో, అన్నీ కంఠతా వచ్చు."

గుడ్డ తీసి కీబోర్డు ముందు కూర్చున్నాడు. అతని గొంతు ఏమంత గొప్పది కాదు. ఆ గొంతుతోనే మొదటి పాటలో పెద్దాయన తీసిన కూనిరాగం మొత్తం తీశాడు. ఆయన తప్పిన చోటల్లా సరిగ్గా తప్పాడు. ఆమె గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నది. నాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

పాట అయ్యాక అతను తలెత్తే ధైర్యం చెయ్యలేదు.

"ఇంకా ఆరున్నాయి" అన్నాడు మెల్లిగా. "వింటారా?"

ఆమె వచ్చి పక్కన కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆదివారానికి ఒక్కటే పాడు" అంది. "తొందరగా అయిపోకూడదు."