పాటమ్మ పాత గొంతు

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో కాఫీ కన్నా ముందు దరువు మొదలవుతుంది. దరువంటే ఆ ఇంటి చిన్నకొడుకు. బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాడు, బ్యాండు లేని పూట భోజనాల బల్ల వాయిస్తాడు. అన్నగారిది కీబోర్డు. బ్యాండు నడిపేదీ ఆయనే కాబట్టి బయటా ఇంట్లోనూ ఆయన్ని మాస్టారనే అంటారు. ఆయన భార్య పాడుతుంది. పాటమ్మ అనే పేరు ఎవరు పెట్టారో గాని, పదహారేళ్ళుగా ఆ గొంతే ఆ ఇంటికి అన్నం పెడుతోంది.

“ఒరేయ్, ఆ బల్ల కాళ్ళు ఊడొస్తాయిరా. చేతులు ఖాళీగా ఉంటే ఈ బ్రెడ్డు కాల్చు,” అంది అత్తగారు.

“సాయంత్రం ప్రోగ్రాం ఉందమ్మా. చేతులు వేడెక్కొద్దూ?”

“పొయ్యి దగ్గరికి రా, అవే వేడెక్కుతాయి.”

పాటమ్మ ఫక్కున నవ్వింది. ఈ మధ్య ఆమెకి ప్రతిదానికీ నవ్వే వస్తోంది. ఎందుకు రాదూ! ఎనిమిది నెలల కిందట గొంతులో ఆపరేషన్ అయింది. మూడు వారాలు నోరు మెదపకుండా కాగితాల మీద రాసి సంసారం నడిపింది. ఆ తర్వాత వేదికెక్కిన రెండుసార్లూ గొంతు పైకి లేవలేదు. ఎక్కడ జీర వస్తుందో, ఎక్కడ తెగుతుందో అన్న భయంతో కదలకుండా నిలబడి, పాట అయిందనిపించింది. ఇక నా పని అయిపోయిందని స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

అప్పుడు మాస్టారు చెవుల్లో పెట్టుకునే కొత్త మానిటర్లు తెచ్చారు. “పెద్ద బ్యాండులన్నీ ఇవే వాడతాయి. హాల్లో గోలతో నీకు పని లేదు. నీ పాట నీకు శుభ్రంగా వినిపిస్తుంది,” అన్నారు. అంతే, తర్వాతి మూడు ప్రోగ్రాములూ అదిరిపోయాయి. చెవుల్లో తన గొంతు తియ్యగా మోగుతుంటే భయమంతా ఎటో పోయింది. పాటమ్మ వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది, మరిదితో పరాచికాలాడింది, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళని లేపి ఆడించింది. ఎవరైనా పలకరిస్తే, గొంతు తిరిగొచ్చిందండీ అని చెప్పుకుని మురిసిపోయింది.

ఇంతలో పదో తరగతి చదివే కూతురు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, ఆదివారం కంపెనీ వాళ్ళ ఫంక్షన్ వీడియో వచ్చింది! బాబాయి పుల్ల ఎగరేసి నెత్తి మీద వేసుకున్నాడే, అది కూడా ఉంది!”

“ఉంటుంది, ఎందుకుండదు. నేను బాగా వాయించింది ఒక్కటి ఉండదు గాని,” అంటూ దరువు కూడా వచ్చి తొంగి చూశాడు.

వీడియోలో పుల్ల గిరగిరా తిరుగుతూ పైకి లేచి, వచ్చి దరువు నడినెత్తి మీద పడింది. పాటమ్మ పాడుతున్నది ఆపేసి పొట్ట పట్టుకుని వంగిపోయింది. మైకు మోకాలి దగ్గరుంది. ఇంట్లో అందరూ ఒక్కసారే నవ్వారు. వీడియోలో మాత్రం పాట ఆగలేదు. చరణం చరణమంతా ఎక్కడా గుక్క తడబడకుండా సాగిపోయింది.

“అదేంటమ్మా, నువ్వు నవ్వుతూనే పాడేశావా? ఎలాగమ్మా?” అంది కూతురు. దాని అమాయకత్వం దానిది.

దరువు నవ్వు సగంలో ఆగింది. అత్తగారు అవసరం లేకపోయినా పొయ్యి వైపు తిరిగింది. పాటమ్మ ఫోను తీసుకుని మళ్ళీ చూసింది. మూడోసారి కూడా చూసింది. పాట మధ్యలో ఎవరు నవ్వినా ఇంటికి వచ్చేదాకా పాఠం చెప్పే మనిషి మాస్టారు. సరదా సరదాగానే ఉండాలి, పని పనిగానే ఉండాలి అని ఆయన అనని రోజుండదు. అలాంటి మనిషి ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. పైగా బాగా జరిగిందన్నారు. అప్పుడు ఆ మాటకి పొంగిపోయిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

ముందు గదిలో మాస్టారు సాయంత్రానికి వైర్లు చుట్టి పెట్టుకుంటున్నారు. పాటమ్మ ఫోను ఆయన ముందు పెట్టింది.

“ఇది ఎవరి గొంతండీ?”

ఆయన ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నారు. “నీదే. ఇంకెవరిది?”

“నా నోరు నవ్వుతోంది. మరి పాడుతున్నదెవరు?”

“వాళ్ళేదో ఎడిటింగ్ చేసి ఉంటారు. ఈ రోజుల్లో…”

“దరువూ!” అని కేకేసింది. మరిది తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోకి వచ్చాడు. “నువ్వు నా మీద ఒట్టేసి చెప్పు. ఈ పాట ఎక్కడిది?”

అన్న వైపు చూశాడు. “వదినా… నాలుగేళ్ళ కిందట మనం స్టూడియోలో రికార్డు చేశామే, ఆ పాటలు. అన్నయ్య ల్యాప్‌టాప్‌లోంచి వేస్తాడు. నేను దాని వేగానికే వాయిస్తాను. నీ మైకు హాల్లోకి వెళ్ళదు. నీ చెవుల్లోకి మాత్రమే వస్తుంది, అదీ అన్నయ్య నునుపు చేశాక.”

“మూడుసార్లూనా?”

వాడు తలూపాడు.

పాటమ్మ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి, దొరక్క గోడకి ఆనుకుంది. అంటే ఆ చప్పట్లు తనకి కాదు. ఎగిరింది, ఆడింది, నవ్వింది, అంతా మూసేసిన మైకు పట్టుకుని. ఇంతమందీ పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నారు. కూతురు బిక్కమొహం వేసుకుని నిలబడింది. దానికొక్కదానికే తెలియదని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

“అత్తయ్యా, మీకూ తెలుసా?”

అత్తగారు కొంగుకి చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది. “తెలుసమ్మా. తప్పేనని వాడితో అన్నాను. కానీ నువ్వు నవ్వుతూ తిరుగుతుంటే, ఆ నవ్వు నా నోటితో నేనే చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను.”

“బాగుంది. ఇంటిల్లిపాదీ కలిసి నా చెవిలో పువ్వు పెట్టారన్నమాట!”

“నా మాట విను,” అన్నారు మాస్టారు. “డబ్బిచ్చి పిలిచినవాళ్ళకి మంచి పాట వినిపించాలి. అది మన పని. నీ గొంతు అప్పుడు ఎలా ఉందో నీకూ తెలుసు. శ్రుతి రెండు మెట్లు దించుదామన్నాను, గుర్తుందా? చంపేసేలా చూశావు. జనం ఏమనుకుంటారు, పాటమ్మ పని అయిపోయిందనుకోరా అన్నావు. నేనేం చెయ్యాలి?”

“చెప్పాలి! నా మొహం మీద చెప్పాలి. నీ గొంతు పలకడం లేదని చెప్పాలి. పోట్లాడుకునేవాళ్ళం, వారం రోజులు మాటలు మానేసేవాళ్ళం. అంతేగా! ఆపరేషన్‌లో డాక్టరు నా గొంతు కోసింది బాగు చెయ్యడానికి. నువ్వెందుకు కోశావు?”

పదహారేళ్ళలో ఆమె ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

“వెనక కూర్చుని వాయించేవాణ్ణి నేను,” అన్నారాయన. “ఆ రెండు ప్రోగ్రాముల్లో నీ భుజాలు బిగుసుకుపోయి ఉండటం చూశాను. పాట అంటే ప్రాణం పెట్టే మనిషి మైకు చూసి భయపడుతోంది. నాకు చూడబుద్ధి కాలేదు. ముందు భయం పోతే గొంతు అదే వస్తుంది, ఒక్కసారికే అనుకున్నాను. ఆ రోజు నువ్వు ఇంటికొచ్చి పిల్లని పట్టుకుని గంతులేశావు. ఇంక చెప్పడానికి నోరు రాలేదు.”

“ఆ సంతోషాన్ని ఇప్పుడేం చేసుకోమంటారు? గొంతు తిరిగొచ్చిందని నలుగురికీ చెప్పుకున్నాను. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అదంతా మీరు మీట నొక్కి తెప్పించిన సంతోషమా?” పాటమ్మకి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా చూడలేదు. “పాడలేకపోతే మానేసేదాన్ని. దొంగని మాత్రం అయ్యేదాన్ని కాదు.”

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపల్నించి పాట వినిపించింది. తంబురా లేదు, కీబోర్డు లేదు. పైకి వెళ్ళే చోట గొంతు గీరుకుని తెగింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే తెగింది. నాలుగోసారి కాస్త కిందనుంచి ఎత్తుకుంది. ఈసారి తెగలేదు. వెనకటి మెరుపు లేదు గాని నిలబడింది. తలుపవతల అత్తగారు కళ్ళొత్తుకుంది.

మధ్యాహ్నం తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. “శ్రుతి రెండు మెట్లు దించండి. చెవుల్లో ఏమీ పెట్టుకోను. నా మైకు హాల్లోకి తెరిచి ఉండాలి. కుదరదంటే ఆ ల్యాప్‌టాప్‌నే వేదిక మీద నిలబెట్టుకోండి.”

మాస్టారు పాటలన్నీ శ్రుతి దించి రాసుకున్నారు.

సాయంత్రం ప్రోగ్రాం ఊళ్ళో ఒక క్లబ్బు వాళ్ళది. కంపెనీ ఫంక్షన్‌లో పాట విని క్లబ్బు కార్యదర్శి మర్నాడే ఫోను చేసి కుదుర్చుకున్నాడు. హాల్లో గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు, గాజు గ్లాసుల చప్పుడు. పాటమ్మ మైకు పట్టుకోగానే హాలంతా ఒక్కసారి మీద పడ్డట్టనిపించింది. మొదటి పాటలో పై స్థాయికి వెళ్ళాక గొంతు జీరబోయింది. ముందు బల్ల దగ్గర ఒకావిడ తలెత్తి చూసింది. దరువుకి ఈసారి చెవిలో రికార్డు వేగం లెక్కపెట్టే యంత్రం లేదు. వదిన ఊపిరి తీసుకునేదాకా పుల్లలు నెమ్మది చేసి, ఆమె ఎత్తుకున్నాకే దరువందుకున్నాడు. మూడు పాటలయ్యేసరికి భుజాలు కాస్త వదులయ్యాయి. నవ్వు మాత్రం రాలేదు. చప్పట్లు మర్యాదకి కొట్టినట్టున్నాయి.

విరామంలో కార్యదర్శి వేదిక పక్కకి వచ్చాడు. పాటమ్మ తెర వెనక మెట్ల మీద కూర్చుని వేడినీళ్ళు తాగుతోంది. అతనికి కనిపించదు గాని అతని మాటలన్నీ ఆమెకి వినిపిస్తున్నాయి.

“ఏంటి మాస్టారూ! ఆదివారం నేను విన్న గొంతేనా ఇది? అమ్మగారికి జలుబేమైనా చేసిందా?”

అవునంటే సరిపోతుంది. జలుబని ఒక్క మాట, మైకు బాగాలేదని ఒక్క మాట, ఏదన్నా చెల్లుతుంది. పాటమ్మ గ్లాసు మెట్టు మీద పెట్టి చెవి ఒగ్గింది.

“జలుబు కాదండీ,” అన్నారు మాస్టారు. “ఆదివారం మీరు విన్నది రికార్డింగు. నాలుగేళ్ళ కిందటిది. ఆవిడకి తెలియకుండా నేనే వేశాను. ఇవాళ మీరు వింటున్నదే ఆవిడ గొంతు.”

“అదా సంగతి!” కార్యదర్శి పెద్దగా బాధపడలేదు. “దానికేముంది, ఇవాళ కూడా అదే వేసెయ్యండి. భోజనాల దగ్గర ఎవరు చూస్తారు? జనానికి హుషారు కావాలి గాని.”

“వెయ్యనండీ.”

“అదేంటండీ? మేం డబ్బిచ్చింది ఆ గొంతు కోసం.”

“డబ్బు వెనక్కి తీసుకోండి. ఇప్పుడే సామాను సర్దుకుని వెళ్ళిపొమ్మన్నా వెళ్తాం. నా భార్య ఎదురుగా ఉండగా ఆమె గొంతు మూసేసి పాట వినిపించడం, అది పని కాదండీ, మోసం. ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.”

కార్యదర్శి గొణుక్కున్నాడు. మళ్ళీ మిమ్మల్ని పిలిచేది లేదన్నాడు. చివరికి విసుగ్గా, “సరే, వచ్చినవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. భోజనాలయ్యేదాకా ఏదో కానివ్వండి,” అని వెళ్ళిపోయాడు.

మాస్టారు తెర తీసి లోపలికి వచ్చి, మెట్ల మీద భార్యని చూసి ఆగిపోయారు. పాటమ్మ చెంపలు తడిగా ఉన్నాయి. ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, పాత పాటల వరస తెర మీద పెట్టి, ఆమె ఒళ్ళో ఉంచారు.

“నువ్వే తీసెయ్,” అన్నారు. “నాకు చేతులు రావడం లేదు.”

పాటమ్మ ఒక్కో పాట పేరూ చదువుకుంది. ప్రతి పాటకీ ఒక రోజుంది. జ్వరంతో ఉన్న పిల్లని అత్తగారి ఒళ్ళో వదిలి స్టూడియోకి వెళ్ళి పాడింది ఒకటి. ఈయన పుట్టినరోజున పాడింది ఇంకొకటి. పొద్దుట్నించీ ఆ గొంతు మీద సవతి మీద ఉన్నంత కోపం ఉంది. ఇప్పుడు చూస్తే జాలేసింది. అది చేసిన పాపమేముంది, ఎక్కడ వేస్తే అక్కడ పాడింది. ల్యాప్‌టాప్ మూసి ఆయన చేతికిచ్చింది.

“ఉండనివ్వండి. అవి కూడా నేనే పాడాను. కానీ నేను బతికుండగా నా చోట వాటిని నిలబెట్టకండి.”

ఆయన మెట్టు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నారు. ఆమె చాలాసేపు ఆయన్ని ముట్టుకోలేదు. కోపం ఇంకా పోలేదు, ఇవాళ పోయేది కూడా కాదు. కానీ ఈ మనిషి తన కోసం ఇందాక పోగొట్టుకున్నది ఎంతో ఆమెకి తెలుసు.

“లేవండి,” అంది చివరికి, ఆయన భుజం మీద చెయ్యి వేసి. “విరామం అయిపోయింది. వచ్చి నా మైకు తెరవండి.”