మనిషి వేలు

"మనిషి వేలు పెట్టండి!"

పొట్టిది మళ్లీ అరిచింది. సంచి భుజాన వేసుకుని గడప దాటబోతున్న కోడలు నిలువునా ఆగిపోయింది. పదింటికల్లా కుట్టుకేంద్రంలో లేకపోతే తన కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానని మాస్టరు కబురు పెట్టాడు. గడియారంలో తొమ్మిదిన్నర!

పొట్టిది మంచానపడ్డ అత్తగారిని చూసుకునే మరమనిషి. మందులిస్తుంది, పక్క మారుస్తుంది, కబుర్లు కూడా చెబుతుంది. కానీ అరగంటకోసారి దాని ఛాతీ మీద ఇంటి మనిషి ఎవరైనా వేలు ఆనించాలి. ఆనిస్తే ఇంటివాళ్ల ఫోన్లకు కబురు పంపుతుంది. లేదంటే వీధంతా అదిరేలా మోత పెట్టి ఆసుపత్రి బండిని పిలిచేస్తుంది. ఏడాదిగా ఆ అరగంటే కోడలికి సంకెల...

ఆమె ఫోను చేస్తే, లారీ నడుపుతున్న భర్త స్పీకరులో కసిరాడు. "నీకు తోడుంటుందనేగా దాన్ని తెచ్చింది! నువ్వూ అదీ ఇంట్లో ఇద్దరుండి కూడా ఏడుపేనా?"

"అయితే పనికి వెళ్లనా అండీ?"

"మరి వేలెవరు పెడతారు? మీ తాతయ్యొచ్చి పెడతాడా?"

ఆమె భోరుమంది. మంచం మీంచి అత్తగారు వణికే చెయ్యి చాచింది.

"ఇటు రావే పొట్టిదానా! ఇదిగో నా వేలు!"

"ఇంటి మనుషుల జాబితాలో మీ వేలు లేదమ్మా."

"నేను మనిషిని కానా? పోనీ, నువ్వు మనిషివా?"

"కాదమ్మా. అందుకే అడుగుతున్నాను."

అత్తగారి కళ్లు నిండాయి. "చూశావుటే అమ్మాయ్! వాడు దీన్ని మనుషుల్లో కలిపేశాడు. మరి నన్నెవరు తీసేశారే?..."

కోడలికి అప్పుడు తట్టింది. తీసేసింది తనే! అది వచ్చిన రోజున, ఇంట్లో మనుషులెవరని అడిగితే భర్త వేలూ తన వేలూ ఎక్కించింది. అత్తగారు గుర్తుకైనా రాలేదు!

"క్షమించండి అత్తయ్యా!" అంటూ పొట్టిదాని ఛాతీ మీద వేలు ఆనించింది. "ఇంకో మనిషిని చేర్చు." ఆ వణికే వేలు పట్టుకుని తన వేలు పక్కనే నొక్కింది.

"చేర్చాను."

"మీకింక పగలంతా కునుకుండదు అత్తయ్యా..."

"పడుకుని పడుకుని విసుగెత్తిందే! పరుగెత్తు, కుర్చీ పోతుంది!"

పదింటికి కుర్చీలో కూలబడిందేగాని, కాలు మిషను తొక్కనంది. చూపంతా ఫోను మీదే! ఐదు నిమిషాలు దాటాయి... ఆరు...

తెర వెలిగింది: 'మనిషి ఉన్నారు.'

కళ్లు తుడుచుకుని మిషను తొక్కసాగింది, ఇంకో అరగంట దాకా.