పంది చెవిలో చెప్పిన పేరు

వరద తీసిన కొత్తలో మాత్రమే పురానాపూల్ కింద మూసీ నదిలా కనిపిస్తుంది. నాలుగు రోజులు పోతే మళ్లీ ముక్కు మూసుకోవాల్సిందే. ఈసారి పైన గేట్లు ఎత్తినప్పుడు నీళ్లతో పాటు విరిగిన కొమ్మలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరింటిదో తలుపు రెక్క, వాటితో పాటు ఒక అడవి పంది కూడా కొట్టుకొచ్చింది. మిగతావన్నీ ఒడ్డున పడ్డాయి. పంది మాత్రం ఒడ్డు పక్కన పెరిగిన జమ్ము గడ్డిలో కాపురం పెట్టింది.

మొదట్లో జనం వంతెన మీద నిలబడి వీడియోలు తీసుకున్నారు. ఒడ్డున పాలకూర, తోటకూర పండించుకునే లీలమ్మ తొడను అది కోరతో చీల్చాక వీడియోలు ఆగిపోయాయి. ఆమె ఆసుపత్రిలో పడింది. మడులన్నీ దున్నేసినట్టయ్యాయి. అటవీ శాఖ వాళ్లు బోను పెట్టారు, వల కట్టారు. పంది వాటి పక్కనుంచే రోజూ తిరిగింది. చివరికి లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లెవరైనా ఉంటే చూసుకోండి, ఈ ఒక్క పందికి అనుమతి ఇస్తాం, మాంసం మాత్రం ముట్టకుండా పూడ్చిపెట్టాలి అన్నారు.

లీలమ్మ ఉండే ఛత్రినాకలో లైసెన్సు తుపాకీ అనగానే అందరి చూపూ డానియేలు మీదికే పోయింది. అందులో జనం తప్పేం లేదు. పటాలం నుంచి వచ్చి బ్యాంకు గార్డుగా చేరిన నాటి నుంచీ అతను చాయ్ హోటల్లో కూర్చుని కోసిన కోతలు అలాంటివి. రాజస్థాన్ ఎడారిలో రైఫిలుతో పందులను ఎలా పడగొట్టిందీ, ఇసుకలో అడుగులు ఎలా పట్టిందీ, గాలికి ఎదురుగా ఎలా పాకిందీ చేతులు తిప్పుతూ చెప్పేవాడు. కొట్టింది ఆఫీసర్లు, వండింది తను. ఆ ఒక్క ముక్కే చెప్పలేదు. పటాలంలో ఉన్నన్నాళ్లూ వంటశాలలో గరిటె తిప్పిన చెయ్యి అది. బ్యాంకు గుమ్మం దగ్గర అతని భుజాన వేలాడే డబుల్ బ్యారెల్ తుపాకీ ఉద్యోగంలో చేరాక ఒక్కసారి కూడా పేలలేదు.

అప్పుడే "నాతోని గాదు" అనేస్తే సరిపోయేది. అనడానికి ముఖం చెల్లలేదు. పైగా భార్య బేబీ పక్కనే ఉంది, ఆమె కూడా ఆ కథలన్నీ నిజమనే నమ్మింది.

"ఒక్కనివే ఎందుకు? నేనొస్త పా" అన్నాడు ఆగయ్య.

ఆగయ్య నల్లా నీళ్లు వదిలే వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. రెండిళ్ల అవతల ఉంటాడు. వయసులో పెద్దవాడు కాబట్టి డానియేలు అతన్ని అన్నా అనే పిలుస్తాడు. డానియేలు పటాలంలో ఉండగా తల్లి చనిపోతే, కొడుకు రైలు దిగి వచ్చేదాకా శవం పక్కన కూర్చున్నది ఆగయ్యే. ఆగయ్య తల్లి కాశమ్మ తరఫు తాతలు వలలు కట్టి పందులను వేటాడినవాళ్లు. అతను ఆ సంగతి ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు.

పొద్దు వాలే వేళకు ఇద్దరూ కట్ట దిగారు. వంతెన మీద ఆటోలు, బస్సులు, హారన్లు. కిందికి వచ్చేసరికి ఆ లొల్లి అంతా ఎక్కడో పక్క ఊళ్లో జరుగుతున్నట్టుంది. తడి మట్టి వాసన, కుళ్లిన ఆకుల వాసన, వాటి అడుగున ఇంకేదో వెచ్చటి వాసన. మోకాలు పట్టేయడంతో ఆగయ్య కట్ట వాలులో ఒక రాయి మీద కూలబడ్డాడు.

"నేను ఈడనే ఉంట. నువ్వు పో. ఒక్క మాట తమ్మీ... పడ్డంక ఊకెనే రావొద్దు. పానం ఉండంగనే దాని తల మీద చెయ్యి పెట్టి, చెవుల నీ పేరు, మీ అమ్మ పేరు చెప్పి రావాలె."

"ఎందుకే?"

"కొట్టింది ఎవరో దానికి ఎరుక కావాలె గద. చెప్పకపోతే అది దొరికినోల్ల వెంటవడ్తది. చెప్పినవనుకో, ఇగ ఊరికి ఫికర్ లేదు. వస్తే గిస్తే ఆ పేరున్నోని కాడికే వస్తది."

"మేం చర్చికి పోయేటోల్లం అన్నా. మాకు గివన్ని ఉండయ్."

"నువ్వు చర్చికి పోతవని దానికెట్ల ఎరుక?" అని నవ్వాడు ఆగయ్య. "మీ అమ్మ మీద ఒట్టు, చెప్పి రా."

డానియేలు కూడా నవ్వి, జమ్ములోకి అడుగుపెట్టాడు.

ఆకులు మనిషి కంటే ఎత్తున ఉన్నాయి. అడుగు వేస్తే బురద చప్పరించినట్టు శబ్దం చేసి కాలు వదులుతోంది. కాసేపటికి కప్పల అరుపు ఆగింది. దోమల రొద కూడా తగ్గింది. అతను నిలబడ్డాడు. ఎదురుగా ఎక్కడో నములుతున్న చప్పుడు. తీరిగ్గా, ఆకలి తీరినా తింటున్నట్టు నములుతోంది.

ఆ చప్పుడు ఆగింది.

గురి పెట్టాడో లేదో అతనికే తెలియదు. జమ్ము ఊగింది, నల్లగా ఏదో మీదికి వచ్చింది, వేలు నొక్కుకుంది. రెండు తూటాలూ ఒకేసారి పేలి భుజం అదిరిపోయింది. పొగ పోయాక చూస్తే పంది పక్కకు ఒరిగి ఉంది. నడుము విరిగింది. ముందు కాళ్లతో మట్టిని గీరుతోంది. అరవడం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

దాని కన్ను అతని మీదే ఉంది.

డానియేలు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెంట్రుకలు ముళ్లలా గుచ్చుకున్నాయి. తల వేడిగా ఉంది. చెవి దగ్గరికి వంగాడు. ఇవన్నీ పాతకాలం మాటలని అతనికి తెలుసు. వీటిని నమ్మకూడదని ప్రతి ఆదివారం వింటాడు. నమ్మనివాడు తన పేరు చెప్పడానికి జంకాల్సిన పనిలేదు. అయినా నోరు తెరిచేసరికి తన పేరు బయటికి రాలేదు. ఆ కన్ను ఎదురు చూస్తోంది.

"ఆగయ్య..." అన్నాడు. "కాశమ్మ కొడుకును."

పంది గీరడం ఆపింది. చెవి ఒక్కసారి కదిలింది, విన్నట్టుగా. తర్వాత కన్ను మసకబారింది.

డానియేలుకు తల కొట్టేసినట్టయింది. చుట్టూ ఎవరూ లేరు, ఎవరూ వినలేదు. అయినా చెంపలు మండిపోయాయి. మళ్లీ వంగి సరిదిద్దుకోవచ్చు, ఇంకా ఆలస్యం కాలేదు అనుకున్నాడు. అనుకుంటూనే లేచి వెనక్కి నడిచాడు.

కట్ట మీద ఆగయ్య ఆత్రంగా లేచి నిలబడ్డాడు. "పడిందా?"

"పడింది."

"పేరు చెప్పినవా?"

"చెప్పిన."

"మంచి పని జేసినవ్. ఎంత ధైర్యమున్నా చానమంది చెప్పరు. భయపడ్తరు." ఆగయ్య అతని భుజం తట్టాడు. ఆ తట్టు చెంపదెబ్బలా తగిలింది.

పొద్దున కూలీలు వచ్చి పూడుస్తారు, ఎక్కడుందో గుర్తు చూపించు అన్నాడు ఆగయ్య. డానియేలు కట్ట మీది నుంచి టార్చి వేశాడు. తను నడిచి వచ్చిన దారి, నలిగిన జమ్ము, నల్లటి రక్తం మడుగు కనిపించాయి. పంది కనిపించలేదు.

మడుగు దగ్గర్నుంచి జమ్ము కొత్తగా వంగి ఉంది. ఆ వంపు కట్ట వైపే వచ్చింది.

"నడుము ఇరిగింది అన్నా... నేను చూసిన..."

ఆగయ్య డానియేలు చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి ఎక్కించాడు. నడుస్తుంటే వెనక గట్టి నేల మీద గిట్టల చప్పుడు. వీళ్లు ఆగితే ఆగుతోంది. వీళ్లు కదిలితే కదులుతోంది. తిరిగి చూస్తే ఏమీ లేదు.

"నీ కోసమే వచ్చినట్టుంది తమ్మీ" అని గుసగుసగా అన్నాడు ఆగయ్య. "నువ్వు ముందు నడువ్. నేను ఎనక ఉంట."

"వద్దన్నా..."

"నడువ్. నేనుండంగ నిన్ను ముట్టదు."

ఆ మాట అక్కడే చెప్పేసి ఉంటే బాగుండేది. గొంతులోకి వచ్చింది. కానీ ఆ కుంటి మోకాలుతో తనకు అడ్డంగా నడుస్తున్న మనిషికి ఏమని చెప్పాలి? డానియేలు ముందుకు నడిచాడు.

డానియేలు స్కూటర్ నడుపుతుంటే ఆగయ్య వెనక కూర్చున్నాడు. హుస్సేనీ ఆలం దాటారు, శాలిబండ దాటారు. దుకాణాల నిండా లైట్లు, పాన్ డబ్బాల దగ్గర జనం, కబాబుల పొగ. ఇంత వెలుతురులో ఏం వస్తుందిలే అని డానియేలు ధైర్యం తెచ్చుకోబోయాడు. లాల్ దర్వాజా మలుపులో పడుకున్న కుక్కలు లేచి గుర్రుమన్నాయి. ఒక్కటీ డానియేలును చూడలేదు. అన్నీ వెనక కూర్చున్న మనిషినే చూస్తూ తోక ముడుచుకుని పక్కకు జరిగాయి.

ఇంటి దగ్గర దిగాక ఆగయ్య తన ఇంటికి పోలేదు. డానియేలు ఇంటి గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నాడు.

"లోపలికి పోయి గొళ్లెం పెట్టుకో. అది ఇల్లు దేవులాడుకుంట వస్తది. నేను అడ్డం కూసుంట."

బేబీ కంచంలో అన్నం పెట్టి బయటికి పంపింది. ఆగయ్య అక్కడే తిన్నాడు. డానియేలుకు ముద్ద దిగలేదు. తలుపు ఇవతల నేల మీద, వీపు ఆనించి కూర్చున్నాడు. రెండు అంగుళాల చెక్కకు అవతల ఆగయ్య వీపు ఉంది. తనను కాపాడటానికి కూర్చున్న మనిషి దగ్గరికి తనే దాన్ని పంపాడు. ఇప్పుడైనా లేచి తలుపు తీసి చెప్పాలి. చెప్తే బేబీ వింటుంది, గల్లీ అంతా వింటుంది. ఇంకా పరువు గురించే ఆలోచిస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

కరెంటు పోయింది.

పక్కిళ్లలో టీవీలు ఒక్కసారిగా మూగబోయాయి. గల్లీ చివర పిల్లలు ఓ అని అరిచి ఊరుకున్నారు. తలుపు కింది సందులోంచి వాసన వచ్చింది. తడి మట్టి, కుళ్లిన ఆకులు... వాటి అడుగున వెచ్చగా...

టక్.

టక్... టక్...

"తమ్మీ" అన్నాడు ఆగయ్య, ఊపిరితోనే. "వచ్చింది."

డానియేలు వీపును తలుపుకు ఇంకా గట్టిగా అదిమాడు.

"తలుపు తియ్యకు. నేను మాట్లాడి పంపిస్త." గిట్టల చప్పుడు మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. "నీ ఇంటి దిక్కు సూస్తలేదు తమ్మీ..."

ముక్కుతో గాలి పీల్చుతున్న చప్పుడు. చాలా దగ్గరగా.

"నా దిక్కే సూస్తుంది." ఆగయ్య గొంతులో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "నా దిక్కెందుకు సూస్తుంది, తమ్మీ?"

డానియేలు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గొళ్లెం తలపైనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"తమ్మీ?"

డానియేలు చెయ్యి గొళ్లెం దాకా పోయి వెనక్కి వచ్చింది.

"ఏందిది... నన్ను పేరు పెట్టి పిలుస్తుంది... నా పేరు దీనికెట్ల..."

ఆ మాట పూర్తి కాలేదు.

"నేనే చెప్పినన్నా!" డానియేలు తలుపుకు నోరు ఆనించి ఏడ్చాడు. "నా పేరు చెప్ప భయమైంది. నీ పేరు చెప్పిన. మీ అమ్మ పేరు గూడ చెప్పిన. తప్పయింది అన్నా... నన్ను తిట్టు. ఏమన్న అను."

వంటింట్లో కొవ్వొత్తి వెలిగిస్తున్న బేబీ అలాగే నిలబడిపోయింది. వాసన మెల్లగా తగ్గింది. డానియేలు గొళ్లెం తీశాడు.

ఆగయ్య మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. తలెత్తి డానియేలును చూశాడు. కోపం లేదు, బాధ లేదు. ముందు తెలిసిన మనిషిని చూసినట్టు కూడా లేదు. తర్వాత లేచి, మెట్లు దిగి, తన ఇంటి వైపు నడవసాగాడు. మోకాలు కుంటడం లేదు.

"అన్నా!"

వెనక్కి తిరగలేదు.

అక్కడ ఆగయ్య భార్య నీలమ్మ చేతిలో చార్జింగ్ లైటుతో గుమ్మంలోకి వచ్చి చూస్తోంది. డానియేలుకు ఇక సిగ్గూ లేదు, గల్లీ అన్న స్పృహా లేదు. జీవితంలో ఎప్పుడూ పిలవని విధంగా, గొంతు చించుకుని పేరు పెట్టి పిలిచాడు.

"ఆగయ్యా!"

ముందు నడుస్తున్న మనిషి ఆగలేదు.

డానియేలు కాళ్ల దగ్గర, మురుగు మోరీ మీద కప్పిన బండ కింది నుంచి, నీళ్లలో మునిగినట్టున్న ఆగయ్య గొంతు పలికింది.

"ఓ తమ్మీ... ఈడున్న..."

అవతల నీలమ్మ లైటు కొంచెం ఎత్తి పట్టి, ఇంట్లోకి దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది.