మూడు తర్వాత ఖాళీ

"అబ్బా! మళ్లీ తొక్కావు!"

గువ్వ కాలు వెనక్కి లాక్కుంది. మధ్యాహ్నం బడి హాల్లో వాల్ట్జ్ అనే జోడీ డాన్సు ప్రాక్టీసు జరుగుతోంది. ఆమె జోడీ బిక్కమొహం వేశాడు. వాణ్ని అందరూ కళ్లజోడు అంటారు.

"నేను పాటతోనే అడుగులు వేస్తున్నానే..."

"నేను పైకి లెక్కపెడుతున్నాగా! ఒకటి, రెండు, మూడు! చెవులక్కూడా అద్దాలు పెట్టించుకో!"

పిల్లలు గొల్లుమన్నారు.

"మొదటి దెబ్బ బరువు, మిగతా రెండూ తేలిక. అంతే కదర్రా!" ఎనిమిది జోడీల మధ్య తిరుగుతూ అరిచింది టీచర్.

మళ్లీ పాట. మొదటి బరువడుగు కలిసింది. తర్వాత రెండు తప్పాయి. ఆ తర్వాతది కలిసింది! గువ్వకి తలా తోకా తెలియలేదు. తప్పయితే ఎప్పుడూ తప్పాలి కదా. మధ్యలో ఎలా కలుస్తోంది?

"ఒరే అబ్బాయ్, రేపూ ఇంతే అయితే నీ బదులు ఇంకొకర్ని పెడతా," అంది టీచర్.

కళ్లజోడు కిందికి వంగి, బాగానే ఉన్న బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. మాట నెగ్గింది తనదే. అయినా గువ్వకి గెలిచినట్టు లేదు.

సాయంత్రం నాన్న గిన్నెలు తోముతుంటే, గువ్వ ఫోనులో పాట పెట్టి గరిటెతో బల్ల మీద కొట్టింది.

"ఒకటి, రెండు, మూడు... ఒకటి, రెండు, మూడు..."

నాన్న కుళాయి కట్టేశాడు. "మూడు తర్వాత ఆగుతావెందుకు తల్లీ?"

"నేనెక్కడ ఆగాను?"

"మళ్లీ కొట్టు."

ఈసారి తనకే వినబడింది. మూడు తర్వాత చిన్న ఖాళీ. బడి కవాతులో రెండేళ్లుగా ఆమె డ్రమ్ము వాయిస్తోంది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. నోరు మూడే అంటోంది. చెయ్యి మాత్రం చెప్పాపెట్టకుండా నాలుగు లెక్కపెడుతోంది. పాట మూడింటితోనే గిర్రున తిరిగిపోతోంది.

"మరి అప్పుడప్పుడు కలుస్తోందేం?"

"నాలుగు మూళ్లు పన్నెండు. మూడు నాలుగులూ పన్నెండే. అక్కడ కలుస్తారు," నవ్వాడు నాన్న.

గువ్వ నవ్వలేదు. విప్పి కట్టిన ఆ బూటు లేసు కళ్లముందు కదిలింది.

మర్నాడు అందరూ ఉండగానే చెప్పింది.

"టీచర్, తప్పు వాడిది కాదు. నాది."

ఆమె చెవులు వేడెక్కాయి. కళ్లజోడు వైపు తిరిగింది.

"నా చెవులకే అద్దాలు కావాలి. ఇవాళ నువ్వు లెక్కపెట్టు."

"పైకా?"

"వద్దు. మొదటి దెబ్బకి చెయ్యి నొక్కు, చాలు."

పాట మొదలైంది. మూడు తర్వాత ఆమె కాలు అలవాటుగా ఆగబోయింది. అరచేతిని అతని వేళ్లు నొక్కాయి.

గువ్వ నోరు మూసుకుని, పాటతో కలిసి తిరిగింది.